పడమటి ప్రకాశం పుస్తకం ఫోనులో చదవాలంటే

ఈబుక్కుకు ముడిసరుకు యూనికోడ్ అక్షరం. తెలుగు పుస్తకాలు ఏళ్ల తరబడి డీటీపీ కేంద్రాల్లో పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో తయారయ్యాయి. ప్రకాశం జిల్లా పడమటి భాగంలోని మార్కాపురం, గిద్దలూరు, కంభం రచయితలదీ అదే దారి. ఆ ఫాంట్లు అక్షరాన్ని ముక్కలుగా పేరుస్తాయి. అచ్చులో నిండుగా కనిపించే పుట, ఫోనుకు మాత్రం అర్థంలేని గుర్తుల వరుస. అందుకే ముందు దాన్ని యూనికోడ్‌లోకి మార్చాలి. మార్పిడిలో ఒత్తులు చెదురుతాయి, దీర్ఘాలు రాలుతాయి. కాబట్టి అచ్చుకు ప్రూఫులు దిద్దినా, ఈబుక్కుకు మళ్లీ మొదటి నుంచి దిద్దక తప్పదు.

దిద్దుబాటులో ఊరి పేర్లకు ప్రత్యేక శ్రద్ధ కావాలి. ఒకచోట మార్కాపురం, మరోచోట మార్కాపూర్ అని రాస్తే ఈబుక్కులో వెతికే పాఠకుడికి సగమే దొరుకుతుంది. ‘మార్కాపూర్‌లో’ అన్న మాటలో ‘ర్’ తర్వాత జీరో విడ్త్ నాన్‌జాయినర్ అనే కనిపించని గుర్తు పడాలి. అది లేకపోతే లకారం రకారానికి ఒత్తుగా చేరి ‘మార్కాపూర్లో’ అవుతుంది. యాస విషయంలోనూ జాగ్రత్త కావాలి. 1970లో ఒంగోలు జిల్లా (తర్వాతి ప్రకాశం) ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. అందుకే ఇక్కడి పలుకులో నేటికీ రాయలసీమ వాసన ఉంది. దిద్దేవారు దాన్ని తప్పుగా భావించి పుస్తక భాషలోకి మార్చడం కథకు చేసే అన్యాయం.

తర్వాతిది రూపం. పీడీఎఫ్ కాగితపు పుటకు నకలు. చిన్న తెరపై దాన్ని పెద్దది చేసుకుంటూ, పక్కకు జరుపుకుంటూ చదవాలి. ఈపబ్ అనే ఈబుక్కు రూపంలో వాక్యం తెర వెడల్పును బట్టి సర్దుకుంటుంది. అలా సర్దుకునే పుస్తకంలో ‘40వ పేజీ చూడండి’ అన్న మాట చెల్లదు, అక్కడ లింకు ఉండాలి. అధ్యాయాల పేర్లను లావు అక్షరాలతో సరిపెట్టకుండా శీర్షిక శైలిలో పెడితేనే విషయసూచిక తయారవుతుంది.

తెలుగుకు తనదైన చిక్కు ఒకటుంది. మన సమాసాలు పొడవు, వాటిని పంక్తి చివర విరిచే ఏర్పాటు చాలా యాప్‌లలో లేదు. రెండంచులూ సమం చేస్తే మాటల మధ్య గుంతలు పడతాయి. కుడి అంచును వదిలేయడమే మేలు. పైన గుడులు, కింద ఒత్తులు ఢీకొనకుండా పంక్తుల మధ్య ఎడం అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లయినా ఉండాలి. పద్యపాదం తెరలో పట్టక విరిగితే, మిగిలిన ముక్క కాస్త లోపలికి జరగాలి. అప్పుడే అది కొత్త పాదం కాదని తెలుస్తుంది. మండలి, రామభద్ర వంటి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి, వాటిని పుస్తకంలోనే పొదగవచ్చు. నల్లమల అంచు పల్లెల్లో సిగ్నల్ అంతంతమాత్రమే కాబట్టి బొమ్మల బరువు తగ్గించాలి.

అచ్చుప్రతికి ఉన్న ఐఎస్‌బీఎన్ ఈబుక్కుకు పనికిరాదు, వేరేది తీసుకోవాలి. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ దీన్ని ఉచితంగానే ఇస్తుంది. ఈపబ్ ఫైలును పరీక్షించే ఈపబ్‌చెక్‌తో తప్పులు పట్టాక, తక్కువ ధర ఫోనులో, అతిపెద్ద అక్షరాలతో పుస్తకమంతా ఒకసారి చదవాలి.

2016 చివర కిండిల్ ఐదు భారతీయ భాషలకు చోటిచ్చినప్పుడు అందులో తెలుగు లేదు. మన రచయితలకు 2010లో మొదలైన కినిగె వంటి వేదికలే ఆసరా అయ్యాయి. వేదికలు మారుతుంటాయి, రచన రచయిత దగ్గరే ఉండాలి. పడమటి ప్రకాశం రచయితలు డీటీపీ కేంద్రం నుంచి పీడీఎఫ్‌తో పాటు యూనికోడ్ ప్రతిని కూడా అడిగి తీసుకోవాలి.