చెప్పిన బిడ్డ నోరు మూయించడమూ నేరమే

2024 ఆగస్టులో తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా బర్గూరు దగ్గర ఒక ప్రైవేటు పాఠశాలలో ఎన్‌సీసీ పేరుతో శిబిరం పెట్టారు. దానికీ ఎన్‌సీసీకీ ఏ సంబంధమూ లేదని తర్వాత తేలింది. రాత్రి బడిలోనే పడుకున్న ఆడపిల్లల్లో ఒకరిపై అత్యాచారం, ఇంకా పలువురిపై లైంగిక వేధింపులు జరిగాయన్నది పోలీసు కేసు. ఆ పిల్లలు భయపడి ఊరుకోలేదు, బడి పెద్దలకు చెప్పారు. విషయం బయటికి పొక్కనీయవద్దని ఆ పెద్దలు వాళ్లనే వారించారన్న ఆరోపణపై ప్రిన్సిపాల్, కరస్పాండెంట్ కూడా అరెస్టయ్యారు.

మన ప్రాంతంలోని కళుగుమలై, కోవిల్‌పట్టి, విరుదునగర్ బడుల్లోనూ ‘గుడ్ టచ్, బ్యాడ్ టచ్’ పాఠం తప్పకుండా చెప్పాలి. అయితే ‘నమ్మకమైన పెద్దవాళ్లకు చెప్పు’ అన్న మాటతో ఆ పాఠం ముగుస్తుంది. బర్గూరు పిల్లలు సరిగ్గా అదే చేశారు. అందుకే ఈ పాఠం ముందుగా పెద్దలకు చెప్పాలన్నది మా గట్టి అభిప్రాయం.

తల్లిదండ్రులిద్దరూ అగ్గిపెట్టెల పనికో, టపాకాయల పనికో వెళ్లే ఇళ్లు ఇక్కడ ఎన్నో. బడి విడిచాక బిడ్డ పక్కింట్లోనో, చుట్టాలింట్లోనో ఉంటుంది. కూలికి వెళ్లడం ఆ తల్లి తప్పు కాదు. కానీ ‘కొత్తవాళ్లతో జాగ్రత్త’ అని మాత్రమే నేర్పితే ఆ బిడ్డకు ఏ రక్షణా లేదు. కేంద్ర ప్రభుత్వం 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగి 2007లో నివేదిక ఇచ్చింది. 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపును ఎదుర్కొన్నామన్నారు. వాళ్లలో సగానికి పైగా మగపిల్లలే. వేధించినవాళ్లలో సగం మంది బిడ్డకు తెలిసినవాళ్లో, బిడ్డ నమ్మినవాళ్లో. కాబట్టి మామయ్య అడిగినా, తాతయ్య అడిగినా ఇష్టం లేకపోతే ముద్దు పెట్టనక్కర్లేదని ఇంట్లోనే చెప్పాలి. అది పెద్దలను అగౌరవపరచడం కాదు.

బిడ్డ వచ్చి చెబితే మన ఇళ్లలో మొదట వినిపించేది ‘ఎవరితోనూ అనకు, పరువు పోతుంది’ అన్న మాట. తర్వాత ఊరి పెద్దలు కూర్చుని రాజీ కుదురుస్తారు. ఆ రాజీకి చట్టంలో చోటు లేదు. 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం, నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారిపై మాత్రం కేసు పెట్టడానికి వీల్లేదు. తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమేనని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది.

స్టేషను మెట్లు ఎక్కాలంటే భయపడే తల్లులకు ఒక మాట. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరే తీసుకోవచ్చు. తీసుకునే పోలీసులు యూనిఫాంలో ఉండకూడదు. రాత్రిపూట బిడ్డను స్టేషనులో ఉంచకూడదు. పేరు, ఊరు, బడి పత్రికల్లో రాకూడదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాట్లాడే బిడ్డకు, రాస్తున్న భాష అర్థం కాకపోతే, దుబాసీని ఏర్పాటు చేయాలి. ఇది ఎవరి దయా కాదు, చట్టం ఇచ్చిన హక్కు.

ఈ ప్రాంతంలోని ప్రతి బడి, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, తల్లిదండ్రుల సమావేశం పెట్టి, బిడ్డ ఫిర్యాదు చేస్తే అదే రోజు పోలీసులకు ఎవరు తెలియజేస్తారో పేరు చెప్పి ప్రకటించాలి. బయటివాళ్లు శిబిరం పెడతామంటే వాళ్లు చెప్పిన సంస్థనే నేరుగా అడిగి నిర్ధారించుకోవాలి. పిల్లల సహాయవాణి 1098ని, తమిళనాడు విద్యాశాఖ నంబరు 14417ని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. దాచిపెట్టిన ప్రధానోపాధ్యాయుణ్ణి బదిలీ చేసి చేతులు దులుపుకుంటే ఒప్పుకోం. అతని మీద కేసు పెట్టాల్సిందే.