టామీ తాతయ్యాడు!

గేటు చప్పుడైతే చాలు, వీధి చివరిదాకా వినిపించేలా మొరుగుతూ ఎదురొచ్చేది. ఇప్పుడు బండి లోపల పెట్టి, చెప్పులు విప్పి, పేరు పెట్టి పిలిచినా తల తిప్పదు. ‘వీడికి పొగరెక్కింది’ అని నవ్వుకుంటారు ఇంట్లో. పొగరు కాదండీ... చెవుడు!

టామీ, రాకీ, స్నూపీ, జూలీ... పేరేదైనా చాలా ఇళ్లలో కథ ఒకటే. పిల్లలు పదో తరగతిలో ఉన్నప్పుడు మారాం చేసి మరీ తెచ్చుకున్నారు. అట్టపెట్టెలో పట్టేంత కూన చూస్తుండగానే సోఫా నిండా పరుచుకుంది. పిల్లలు ఇంజినీరింగ్ పూర్తిచేసి డాలస్‌కో, బెంగళూరుకో వెళ్లిపోయారు. కుక్క ఇక్కడే ఉండిపోయింది, అమ్మానాన్నలతోపాటు. ముగ్గురికీ మోకాళ్ల నొప్పులే! వినడానికి సరదాగా ఉన్నా, అరవై దాటిన మనిషి 35 కిలోల లాబ్రడార్‌ని ఎత్తి ఆటోలో కూర్చోబెట్టడం ఎంత కష్టమో ఆ ఇంట్లోవాళ్లనే అడగాలి. అందుకే ఈ దశ గురించి ముందే తెలుసుకుని సిద్ధపడటం కుక్కకీ మంచిది, ఇంట్లోవాళ్లకీ మంచిది.

ఏడుతో హెచ్చవేస్తే సరిపోదు

కుక్కకు ఒక ఏడాదంటే మనకు ఏడేళ్లతో సమానమని అందరూ అనే మాటే. అది నిజం కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్‌డియాగో శాస్త్రవేత్తలు 104 లాబ్రడార్ల డీఎన్‌ఏలో వయసుతోపాటు వచ్చే మార్పుల్ని మనుషుల్లో వచ్చే మార్పులతో పోల్చి 2020లో ఓ కొత్త లెక్క ప్రకటించారు. దాని ప్రకారం ఏడాది నిండిన లాబ్రడార్ మనలో 31 ఏళ్ల మనిషితో సమానం. నాలుగేళ్లకే యాభై దాటేస్తుంది. ఆ తర్వాత వేగం తగ్గి, పన్నెండేళ్లకు డెబ్భై దగ్గర ఉంటుంది. అంటే మొదట్లో పరుగు, తర్వాత నడక అన్నమాట. ఇది లాబ్రడార్ల లెక్క మాత్రమే. శరీరం ఎంత పెద్దదైతే ముసలితనం అంత తొందరగా వస్తుంది. గ్రేట్‌డేన్‌కి ఆరేళ్లకే పెద్దరికం. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్‌లకు ఏడెనిమిదేళ్లకి. చిన్నగా ఉండే పామరేనియన్ పదేళ్లొచ్చినా గంతులేస్తుంది.

ముసలితనం జబ్బు కాదు. కానీ ‘వయసైపోయింది, ఇంకేం చేస్తాం’ అని వదిలేసేవాటిలో చాలావాటికి వైద్యం ఉంది. అసలు చిక్కంతా ఇక్కడే. కుంటితే వయసు, తినకపోతే వయసు, రాత్రంతా దగ్గితే వయసు... అన్నిటికీ ఒకటే సమాధానం చెప్పుకుంటే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన సమయం కాస్తా దాటిపోతుంది.

కళ్లనే తీసుకోండి. ఎనిమిదేళ్లు దాటాక కంటిపాపలో నీలంగా పొగలాంటిది కనిపిస్తుంది. శుక్లాలొచ్చాయని కంగారుపడతారు. చాలాసార్లు అది కంటి కటకం గట్టిపడటమే. దానివల్ల చూపు పెద్దగా తగ్గదు. పాలరంగులో తెల్లగా కమ్మేస్తే మాత్రం శుక్లం కావచ్చు. ఏది ఏమిటో తేల్చాల్సింది పశువైద్యుడే. చూపు తగ్గిన కుక్క ఇంట్లో దారిని గుర్తుపెట్టుకుని తిరుగుతుంది కాబట్టి సోఫా, కుర్చీలు మాటిమాటికీ జరపకూడదు. వినికిడి తగ్గినదాన్ని నిద్రలో ఒక్కసారిగా తట్టి లేపకూడదు. ఉలిక్కిపడి కరిచే ప్రమాదముంది. దగ్గరికొచ్చి నేలమీద కాలితో తట్టండి, ఆ అదురుకు అదే లేస్తుంది. సెలవులకు ఇంటికొచ్చే పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పాలి.

నున్నటి నేల... నొప్పి కాళ్లు

మన ఇళ్లలో ముసలి కుక్కకు మొదటి శత్రువు టైల్స్. అద్దంలా మెరిసే నేలమీద వెనక కాళ్లు రెండూ చెరోపక్కకి జారిపోతాయి. ఒకట్రెండుసార్లు అలా పడ్డాక లేవడానికే భయపడుతుంది. లేవకపోతే కండ తగ్గుతుంది, కండ తగ్గితే లేవలేదు. దీనికి ఖరీదైన సరంజామా అక్కర్లేదు. అది పడుకునేచోటు నుంచి నీళ్ల గిన్నెదాకా, అక్కడి నుంచి గుమ్మందాకా గోనెపట్టాలో, పాత యోగా మ్యాట్‌లో పరిస్తే చాలు. పడకకి పాత చీరలతో కుట్టిన బొంతను మించింది లేదు. మెత్తగా ఉంటుంది, ఉతుక్కోవచ్చు. కాలిగోళ్లు పెరిగిపోతే పట్టు మరింత తప్పుతుంది కాబట్టి అవీ కత్తిరించాలి. మెట్లెక్కేటప్పుడు పెద్ద తువ్వాలునో, చున్నీనో పొట్టకింద వెనకవైపుగా వేసి రెండు కొసలూ పట్టుకుని పైకి లాగితే సగం బరువు మీరు మోసినట్టే. ఇలా చేస్తే మోసేవాళ్ల నడుమూ పట్టేయదు.

కీళ్లనొప్పులున్నదాన్ని పూర్తిగా పడుకోబెట్టేయడం కూడా మంచిది కాదు. ఒకేసారి గంట నడిపించే బదులు పది నిమిషాల చొప్పున మూడుసార్లు తిప్పండి. మన ఎండల్లో అయితే పొద్దున్నే, లేదంటే పొద్దుపోయాకే. కుక్క మనలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడదు, నాలుక బయటపెట్టి రొప్పి చల్లబడుతుంది. ముసలిదానికి ఆ శక్తీ తక్కువే. తారురోడ్డు మీద మీ అరచేతి వెనకవైపు అయిదు సెకన్లు ఆనించలేకపోతే, దాని కాళ్లకీ అది పనికిరాదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక. కుంటుతోంది కదా అని ఇంట్లో ఉన్న నొప్పుల మాత్ర సగం విరిచి పెరుగన్నంలో పెట్టేస్తుంటారు. ప్రేమతో చేసే పనే, కానీ ప్రాణాల మీదికి తెస్తుంది. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్‌లు కుక్కల కడుపులో పుండ్లు పడేలా చేస్తాయి, మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి. పారాసెటమాల్ కాలేయానికి చేటు. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ వాటి కళేబరాలు తిన్న రాబందుల్ని తుడిచిపెట్టేస్తోందని తేలాకే, 2006లో మనదేశం పశువైద్యంలో దాని వాడకాన్ని ఆపించింది. మనకు హాయినిచ్చే మందు మరో ప్రాణికి విషం కావచ్చని అదే చెబుతోంది. కుక్కలకు వాడదగ్గ నొప్పి మందులు వేరే ఉన్నాయి. అవీ రక్తపరీక్ష చూసి, బరువును బట్టి డాక్టరే రాయాలి.

నీళ్ల గిన్నె చెప్పే కబురు

ఎప్పుడూ లేనిది గిన్నె గిన్నెంతా ఖాళీ చేస్తోంది. ఏనాడూ తప్పు చేయనిది హాల్లో పాడుచేస్తోంది. తిడతారు, కొందరు గిన్నే తీసేస్తారు. ఎంతమాత్రం చేయకూడని పని ఇది. మూత్రపిండాల జబ్బు, మధుమేహం, కొన్ని హార్మోన్ల తేడాలు మొదట బయటపడేది దాహంతోనే. ఆడకుక్కకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించకపోతే, ఎదకొచ్చి వెళ్లిన కొన్ని వారాలకు గర్భసంచిలో చీము పట్టొచ్చు. అప్పుడూ ఇదే లక్షణం. దానికి తోడు నీరసం, వాంతులు కూడా ఉంటే మర్నాటిదాకా ఆగకుండా అప్పటికప్పుడే తీసుకెళ్లాలి.

ఎక్కువ తాగుతోందో లేదో కొలిచి చూసుకోవచ్చు. పొద్దున లీటరు సీసాతో కొలిచి పోయండి, మర్నాడు మిగిలింది కొలవండి. రోజుకు కిలో బరువుకు వంద మిల్లీలీటర్లు దాటితే... అంటే పదికిలోల కుక్క లీటరుకు మించి తాగుతుంటే డాక్టరుకు చూపించాల్సిందే. మూత్రపిండాల పనితనం దాదాపు ముప్పావువంతు పోయేదాకా రక్తంలో క్రియాటినిన్ పెరగదు. కాబట్టి ఏడెనిమిదేళ్లు దాటాక ఆరునెలలకోసారి రక్తం, మూత్రం పరీక్ష చేయించడం దుబారా కాదు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలలోని పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లాంటివి దగ్గర్లో ఉన్నవాళ్లు వాటినీ ఉపయోగించుకోవచ్చు.

రాత్రిళ్లు దగ్గు, కొద్దిదూరానికే ఆయాసం అయితే గుండెను అనుమానించాలి. పామరేనియన్ లాంటి చిన్నజాతుల్లో గుండె కవాటం చెడటం మామూలే. గాఢనిద్రలో ఉన్నప్పుడు పక్కన కూర్చుని నిమిషానికి ఎన్నిసార్లు పొట్ట లేచి పడుతోందో లెక్కపెట్టండి. ముప్పై లోపుంటే ఫర్వాలేదు. రోజూ ముప్పై దాటుతుంటే ఆ అంకెను కాగితం మీద రాసుకెళ్లి డాక్టరుకు చూపించండి. ‘ఏదో ఆయాసంగా ఉందండీ’ అనడం కంటే ఆ కాగితం ఎక్కువ చెబుతుంది.

తిండి విషయంలో మనవాళ్లది రెండే పద్ధతులు. పెరుగన్నంతో సరి, లేదంటే మనం తిన్నదల్లా. పెరుగన్నం చెడ్డదేం కాదుగానీ, అదొక్కటే పెడితే కండ నిలవదు. మూత్రపిండాలు బాగున్న ముసలికుక్కకి మాంసకృత్తులు తగ్గించనక్కర్లేదు. ఉడికించిన గుడ్డో, ఎముకల్లేని కోడిమాంసమో కలపాలి. ఆదివారం కూరలోని ఎముకలు మాత్రం వద్దు. ఉడికిన ఎముక చీలి పేగుకి గుచ్చుకుంటుంది. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్షపళ్లు, పాయసంలోని కిస్‌మిస్... ఇవన్నీ దానికి విషాలే. తినడం తగ్గించిందంటే ముందు నోరు తెరిచి చూడండి. పన్ను కదులుతుండొచ్చు, చిగుళ్లు వాచి ఉండొచ్చు. నోరు బాగానే ఉంటే తిండి కాస్త గోరువెచ్చగా చేసి పెట్టండి, వాసనకు ఆకలి లేస్తుంది.

రాత్రిపూట కుక్క ఏడిస్తే ఇంటికి కీడని మన పల్లెల్లో ఓ భయం. పాపం, అది ఏడ్చేది దాని కీడుకే. మనుషుల్లో మతిమరుపు వచ్చినట్టే ముసలికుక్కల మెదడూ మందగిస్తుంది. పగలు నిద్ర, రాత్రి తిరుగుడు, గోడకేసి చూస్తూ నిలబడటం, తలుపు తెరుచుకోనివైపు వెళ్లి ఎదురుచూడటం, మూలలో ఇరుక్కుని వెనక్కి రాలేకపోవడం... ఇవన్నీ ఆ లక్షణాలే. అపార్ట్‌మెంట్లో అయితే మర్నాడే అసోసియేషన్‌కు ఫిర్యాదు వెళ్తుంది. కొడితే తగ్గదు, భయం పెరిగి ఇంకా అరుస్తుంది. దానికెదురుగా చిన్నలైటు వెలిగించి ఉంచడం, సాయంత్రం కాస్త నడిపించడం, తిండివేళలు మార్చకపోవడం మేలు చేస్తాయి. మందులూ ఉన్నాయి. ఇరుగుపొరుగుకు విషయం ముందే చెప్పుకుంటే సగం గొడవ తగ్గుతుంది.

ఈ దశలోనే కొందరు దాన్ని కారెక్కించి ఊరవతల వదిలేసి వస్తారు. పదేళ్లు పరుపుమీద పడుకున్నది వీధికుక్కల మధ్య రెండ్రోజులు కూడా బతకలేదు. ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితుల్లో జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం నేరం. చట్టం సంగతి అలా ఉంచండి. వెంట వచ్చిన కుక్కను వదిలేస్తేనే స్వర్గమంటే ఆ స్వర్గమే వద్దన్న ధర్మరాజు కథ వింటూ పెరిగినవాళ్లం మనం.

చివరి నిర్ణయం

అన్నీ చేశాక కూడా ఓరోజు వస్తుంది. నొప్పి తగ్గదు, ముద్ద దిగదు. ‘ఇంకెన్నాళ్లిలా’ అన్న ప్రశ్నను ఇంట్లో ఎవరూ పైకి అనరు. అమెరికాలో ఉన్న కొడుకు వీడియోలో చూసి ‘నేనొచ్చేదాకా ఎలాగైనా ఉంచండి’ అంటాడు. రాత్రిళ్లు దాని పక్కన మేల్కొనేది మాత్రం తల్లి. దూరాన ఉన్నవాళ్లు అభిప్రాయం చెప్పొచ్చు. చివరిమాట రోజూ చూసుకుంటున్నవాళ్లదే కావాలి.

ఆ మాట భావోద్వేగంతో కాకుండా ఆలోచించి చెప్పడానికి ఓ సాధనం ఉంది. ఆలిస్ విల్లలోబోస్ అనే అమెరికన్ పశువైద్యురాలు 2004లో దాన్ని రూపొందించారు. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డరోజుల కంటే మంచిరోజులు ఎక్కువా కాదా... ఈ ఏడింటికీ పదేసి మార్కులు. నొప్పి అదుపులో ఉంటే ఎక్కువ, లేకపోతే తక్కువ. మొత్తం 35 దాటుతుంటే ఇంకా సేవ కొనసాగించొచ్చు. వారానికోసారి ఇంట్లో తలా ఓ కాగితం మీద విడివిడిగా వేసుకుని పోల్చుకుంటే మంచిది. క్యాలెండర్లో మంచిరోజుకు టిక్కు, చెడ్డరోజుకు ఇంటూ పెట్టినా చాలు. ఇంటూలు వరసకట్టాయంటే దాపరికం లేకుండా డాక్టరుతో మాట్లాడాల్సిన వేళ అది.

నొప్పి లేకుండా నిద్రపుచ్చాలని నిర్ణయిస్తే ఏం జరుగుతుందో ముందే తెలుసుకోవాలి. సాధారణంగా మొదట మత్తు ఇస్తారు. నిద్రలోకి జారుకున్నాక నరానికి మత్తుమందు ఎక్కువ మోతాదులో ఎక్కిస్తారు. నిమిషాల్లో గుండె ఆగుతుంది. కళ్లు మూసుకోకపోవచ్చు, కండరాలు ఒకట్రెండుసార్లు అదరొచ్చు. అది బాధ కాదు. పక్కన ఉండాలా వద్దా అన్నది ఎవరిష్టం వాళ్లది. ఉండగలిగినవాళ్లు చేయి వేసి ఉంటే, తెలిసిన వాసన దగ్గరుంటుంది. ఇంటికొచ్చి చేసే డాక్టర్లూ ఉన్నారు. పాతిపెడితే గొయ్యి లోతుగా తీయించాలి. ఆ మందు కళేబరంలో ఉండిపోతుంది కాబట్టి పైకి తవ్వి తిన్న జంతువులకూ ప్రమాదమే.

చిన్నపిల్లలకు ‘ఊళ్లో తోటకి పంపించాం’ అని చెప్పకండి. వచ్చే సెలవుల్లో ఆ తోట చూపించమంటారు. చనిపోయిందనే చెప్పండి, ఏడవనివ్వండి. ఇంట్లో రెండో కుక్క ఉంటే అదీ కొన్నాళ్లు గదులన్నీ వెతుక్కుంటుంది, సరిగా తినదు. దానికి వేళకు తిండి, నడక తప్పనివ్వకండి. బాధ మరిపించడానికి మర్నాడే కొత్త కూనను తేవడం కంటే కొంతకాలం ఆగడమే నయం. ముఖ్యంగా తెచ్చేది పిల్లలు, పెంచేది పెద్దవాళ్లు అయినప్పుడు. మిగిలిన మందులు పక్కింటివాళ్ల కుక్కకు ఇచ్చేయకండి, డాక్టరుకు అప్పగించండి. గిన్నె, గొలుసు ఎప్పుడు తీయాలన్నదానికి మాత్రం లెక్కేమీ లేదు.