కడుపు పుండుకు ఆ రక్తపరీక్ష ఇక చాలు

కడుపులో మంట అంటే చాలు, పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర రాసి పంపించడం మన ఊళ్లలో వైద్యమైపోయింది. మాత్ర ఆపితే మంట మళ్లీ వస్తుంది, మాత్ర మళ్లీ రాస్తారు. పుండ్లకు కారం, కంగారు కారణమని లోకం నమ్మిన రోజుల్లో, 1982లో, పెర్త్‌లో బారీ మార్షల్, రాబిన్ వారెన్ పుండ్లు పుట్టించే హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవిని బయటపెట్టారు. 2005లో వారికి నోబెల్ వచ్చింది. ఆ క్రిమి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే తేల్చింది. అది కడుపులో ఉందో లేదో చూడకుండా నెలల తరబడి మాత్రలు మింగించడం ఏం న్యాయం?

పరీక్ష రాసిన చోటా రక్తపరీక్షే రాస్తే ఆ ఖర్చు దండగ. రక్తంలో వెతికేది క్రిమిని కాదు, దానిపై ఒంట్లో పుట్టిన యాంటీబాడీలను. క్రిమి చచ్చిపోయాక కూడా అవి నెలలు, ఏళ్లు ఉండిపోతాయి. పెద్దవాళ్లలో సగానికి పైగా ఎప్పుడో ఒకప్పుడు ఈ క్రిమి సోకిన దేశంలో ‘పాజిటివ్’ అని కాగితం ఇస్తే, అది ఇప్పటి రోగమా, పాతదా? ఆ కాగితం చెప్పదు. అయినా దాన్ని చూసి రెండు వారాల యాంటీబయాటిక్‌లు రాస్తారు. కోర్సు అయ్యాక అదే పరీక్ష చేస్తే మళ్లీ పాజిటివ్, మళ్లీ కోర్సు. నయమైన మనిషిని రోగిగా నిలబెట్టి డబ్బు గుంజడానికి ఇంకెన్నాళ్లు ఒప్పుకుందాం? అక్కర్లేకుండా మింగిన ప్రతి కోర్సూ క్లారిత్రోమైసిన్ వంటి మందులకు లొంగని క్రిములను పెంచుతుంది. ఆ నష్టం ఊరందరిదీ.

క్రిమి ఇప్పుడు ఉందో లేదో చెప్పే పరీక్షలు వేరే ఉన్నాయి. ఊపిరి పరీక్షలో, గుర్తు పెట్టిన కార్బన్ ఉన్న యూరియా కలిపిన ద్రావణం తాగిస్తారు. క్రిమి ఉంటే యూరియాను విరగ్గొడుతుంది, ఆ కార్బన్ ఊపిరిలో బయటపడుతుంది. దాన్ని కొలిచే యంత్రం ఖరీదని అంటారు. అలాగైతే మలంలో క్రిమి యాంటిజెన్ చూసే పరీక్ష ఉంది. హెపటైటిస్ పరీక్షలు చేసే ఎలీసా యంత్రం మీదే అదీ చేయొచ్చు. తెలంగాణలో పీహెచ్‌సీలో తీసిన రక్తం జిల్లా డయాగ్నస్టిక్స్ కేంద్రానికి వెళ్తోంది, ఆ బండిలోనే ఈ నమూనా వెళ్లడానికి అడ్డేమిటి? మలం ఇవ్వడానికి జనం సిగ్గుపడతారనేది వట్టి సాకు. నల్లటి విరేచనం, నెత్తుటి వాంతి, బరువు తగ్గడం, మింగుడు పడకపోవడం ఉన్నవారికి ఎండోస్కోపీ తప్పదు, అందులో వాదన లేదు. మిగతావారికి ఊపిరి లేదా మల పరీక్ష ఉచితంగా చేయాలి. పరీక్షకు ముందు రెండు వారాలు గ్యాస్ మాత్ర, నాలుగు వారాలు యాంటీబయాటిక్ ఆపమని చీటీ మీదే రాయాలి. లేకుంటే క్రిమి ఉన్నా లేదనే ఫలితం రావచ్చు. కోర్సు ముగిశాక కనీసం నాలుగు వారాలు ఆగి అదే పరీక్ష మళ్లీ చేయాలి. ఆ రక్తపరీక్షను ప్రభుత్వ ఆసుపత్రుల చీటీల మీద నుంచి ఈ ఏడే తీసేయాలి.