“కొన్నదానికేం తీసిపోదు” అనకండి

“అన్నా, కోస్ట్రిట్జర్‌కి ఏం తీసిపోదు!” ఇక్కడ డాలస్‌లో నేను ఇంట్లో కాచే డార్క్ లాగర్‌కి మొదటి గుక్కలోనే దొరికే కితాబు ఇది. ఈ కితాబంటే నాకు ఒళ్ళుమంట. అది బీరు గురించి చెప్పిన మాట కాదు, నా గురించి చెప్పింది. పోసినవాడు ఎదురుగా నిలబడి మీ మొహమే చూస్తున్నాడు, పైగా బీరు ఫ్రీ. ఇంకేమంటారు పాపం? కొత్త కథ ఏదొచ్చినా “చలం గుర్తొచ్చాడు” అనేసి చేతులు దులుపుకోవడం లాంటిదే ఇదీ. చదవకుండా కూడా అనొచ్చు ఆ మాట.

దానికి తోడు ఆ నల్లరంగు. 2001లో అచ్చయిన బోర్డో ప్రయోగంలో తెల్ల వైన్‌కి వాసన లేని ఎర్రరంగు కలిపి ఇస్తే, 54 మంది విద్యార్థులు దాన్ని ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించారు. వాళ్ళు చదువుతున్నదే వైన్ గురించి! నల్ల బీరు కనపడగానే “కాఫీ, చాక్లెట్” మొదలెట్టేవాళ్ళని ఇక ఏమనగలం? అమెరికాలో బీరు పోటీల జడ్జీలు వాడే బీజేసీపీ స్కోరు షీటులో 50 మార్కులకి రూపానికిచ్చేది 3. రుచికి 20, వాసనకి 12. మనవాళ్ళు ఆ మూడు మార్కుల దగ్గరే ఆగిపోతారు.

నిజంగా పోల్చాలంటే మూడు కప్పులు చాలు. రంగు తేడా తెలియని ముదురు కప్పులైతే మంచిది. రెండింటిలో ఒకే బీరు, మూడోదాంట్లో ఇంకోటి. వేరేది ఏదో చెప్పాలి. ఊరికే వేలు పెట్టినా మూడోవంతు సార్లు తగులుతుంది కాబట్టి ఒక్కడు సరిగ్గా చెప్తే లెక్కలోకి రాదు. నలుగురికి నలుగురూ చెప్పారా, అది గాలివాటం కావడానికి 81లో ఒక్క వంతే అవకాశం. ఇష్టాయిష్టాలు ఆ తర్వాత.

“సరదాకి తాగేదానికి ఇంత పరీక్షా?” అంటారు. లాగర్ తప్పులు దాచిపెట్టే బీరు కాదు మరి. చలవలో నిదానంగా పులుస్తుంది. తొందరపడితే డయాసిటైల్ మిగిలి వెన్న వాసన కొడుతుంది. చివర్లో రెండు మూడు రోజులు కాస్త వెచ్చగా ఉంచితే ఈస్టే దాన్ని తినేస్తుంది. “వెన్న వాసనొస్తోంది” అని ఒక్కరు చెప్తే తర్వాతి బ్యాచ్ బాగుపడుతుంది. “సూపర్”తో నేనేం చేసుకోను? కోడ్ రివ్యూలో ఇలా కళ్ళు మూసుకుని ఓకే కొట్టేవాళ్ళని ఆఫీసులో తిట్టుకుంటాం కదా.

అలాగని సీసా బీరేం దేవుడు కాదు. థురింగియాలో పుట్టి, సముద్రం దాటి, షాపులో ఎన్నాళ్ళు నిలబడిందో. పాతబడిన లాగర్‌లో తడి అట్టముక్క రుచి మొదలవుతుంది. దాన్ని ఇంటి తాజా బీరు పక్కన పెట్టి “మనదే గెలిచింది” అని చప్పట్లు కొడితే, గెలిచింది కాచినవాడి పనితనమో, ఒట్టి తాజాదనమో ఎలా తెలుస్తుంది? ముందు సీసా మీద తేదీ చూడండి.