రాయితీ కార్డు కొనదగునా?

సంతలో వేరుసెనగకాయలు కొలిపించుకొని, కొలత ముగిసిన పిమ్మట "కొసరు వేయుమమ్మా" యని అడుగుట మనవారికి తరతరముల అలవాటు. అమ్మునామె పిడికెడు కాయలు సంచిలో వేయును. ఆ కొసరునకు వెల లేదు. కొన్నవారికి అది మర్యాద. అమ్మినవారికి అది రేపటి బేరమునకు పిలుపు. ఇప్పుడు ఆ కొసరునకే ముందుగా వెల నిర్ణయించి, కార్డు రూపమున విద్యార్థులకు అమ్మువారు బయలుదేరినారు. ఏడాదికి ఇంత యని చెల్లించినచో పుస్తకముల అంగడిలోను, చెప్పుల అంగడిలోను, ఫలహారశాలలోను నూటికి పదియో ఇరువదియో తగ్గింతుమని వారు చెప్పుదురు.

ఇట్టి కార్డు కొనవచ్చునా యని మన విద్యార్థులు కొందఱు నన్నడిగిరి. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పుటకంటె ఈ సంచికలో అందఱికిని చెప్పుట మేలని తోచినది. నా అభిప్రాయమును మొదటనే తెలుపుచున్నాను. కార్డు మంచిదా, చెడ్డదా యన్నది సరియైన ప్రశ్న కాదు. కార్డు లేకున్నను మనము చేయబోవు వ్యయమెంత? కార్డు లేకున్నను మనకు హక్కుగా లభించు రాయితీ యెంత? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వ్రాసికొన్నచో, అంగడి రాయితీ కార్డు మనలో ఎక్కువమందికి అక్కఱలేదనియు, బస్సు పాసు వంటి కార్డు మాత్రము కొందఱికి తప్పక కొనదగినదనియు తేలును.

మొదట లెక్క చూతము. ఇది ఏడవ తరగతి గణితమే. కార్డు వెల 300 రూపాయలనుకొందము. తగ్గింపు నూటికి పది అనుకొందము. పెట్టిన 300 తిరిగి రావలెనన్నచో ఆ అంగళ్ళలో 3,000 రూపాయల సరకు కొనవలెను. తగ్గింపు నూటికి ఇరువది యైనను 1,500 రూపాయల సరకు కొనక తప్పదు. అంతవఱకు కొన్నదంతయు కార్డు వెలను తీర్చుటకే సరిపోవును. లాభము ఆ తరువాతనే మొదలగును. మీ యింట ఏడాదికి మీ కొఱకు ఆ అంగళ్ళలో పెట్టు ఖర్చు ఎంతయో తల్లిదండ్రులనడిగి కాగితముపై వ్రాయుడు. ఆ మొత్తము 3,000 చేరనిచో, కార్డు కొనుట మనమే అంగడివానికి కొసరు వేయుట యగును.

ఈ లెక్కలో రెండు చిక్కులు కలవు. మొదటిది, కాగితముపై ముద్రించిన గరిష్ఠ ధరనుండి తగ్గించుట వేఱు, నిజముగా అమ్ముచున్న ధరనుండి తగ్గించుట వేఱు. డజను నోటుపుస్తకములు ఒక్కమారు కొన్నవారికి ఏ కార్డును లేకయే ముద్రిత ధరకంటె తగ్గించి యిచ్చు అంగళ్ళు బజారులో కలవు. అట్టిచోట కార్డువలన వచ్చు అధికలాభము స్వల్పము. రెండవది మనస్సునకు సంబంధించినది. చేత కార్డున్నది గదా యని, అక్కఱలేని వస్తువును గూడ కొనబుద్ధి పుట్టును. వంద రూపాయల వస్తువును తొంబదికి కొన్నవాడు పది మిగిల్చితినని సంతసించును. ఆ వస్తువు అక్కఱయే లేనిచో తొంబది పోయినదన్న మాట వానికి తోచదు.

ఇక కార్డు లేకయే మనకు లభించు వానిని చూడుడు. కర్ణాటకమున ప్రభుత్వ పాఠశాలలందును, ప్రభుత్వసహాయము పొందు పాఠశాలలందును పాఠ్యపుస్తకములు ఉచితముగా వచ్చుచున్నవి. మన తెలుగు మాధ్యమ పుస్తకములును అందులోనివే. రైలులో పాఠశాలకు వచ్చు బాలురకు 12వ తరగతి వఱకును, బాలికలకు పట్టపరీక్ష వఱకును రెండవ తరగతి నెలసరి సీజను టిక్కెట్టు ఉచితము. దూరముననుండి చదువుకొనువారు సెలవులకు ఇంటికి పోవునపుడు రెండవ తరగతిలోను, స్లీపరు తరగతిలోను సగము చార్జీయే చెల్లింతురు. షెడ్యూల్డు కులముల, తెగల విద్యార్థులకు నూటికి 75 తగ్గింపు. 2020 మార్చిలో రైల్వేవారు అనేక రాయితీలను తీసివేసినప్పుడు గూడ విద్యార్థుల రాయితీ నిలిచినది. దీనికి వలసినది ప్రధానోపాధ్యాయుని సంతకముగల ధ్రువపత్రము మాత్రమే.

మన జిల్లాకు పొరుగుననున్న హంపికి పోవుదురు గదా. అచ్చట విఠలాలయము మున్నగు టిక్కెట్టుగల చోట్ల 2018 నుండి పెద్దలకు 40 రూపాయల ధర పెట్టిరి. 15 ఏండ్లలోపు పిల్లలకు ప్రవేశము ఉచితము. ఇది పురావస్తుశాఖవారి స్మారకములన్నిట నున్న నియమమే. పల్లెలనుండి వచ్చు విద్యార్థులకు గ్రామపంచాయతి గ్రంథాలయములలో 2020లో ప్రారంభమైన "ఓదువ బెళకు" కార్యక్రమము క్రింద సభ్యత్వము ఉచితము. ఇన్ని సౌకర్యములుండగా వానిని వాడుకొనక, వెలయిచ్చి వేఱొక కార్డు కొనువాడు పెరటి బావిని విడిచి నీళ్ళు కొనువానివంటివాడు.

అట్లని వెలయిచ్చి కొను కార్డులన్నియు వ్యర్థములని నేననుట లేదు. ఆర్టీసీ విద్యార్థి పాసును తీసికొనుడు. 2023-24 విద్యాసంవత్సరమున ఉన్నత పాఠశాల బాలురకు దాని వెల 750 రూపాయలు, బాలికలకు 550. షెడ్యూల్డు కులముల, తెగలవారికి 150. రానుపోను దినమునకు 30 రూపాయలగు పల్లెనుండి వచ్చు బాలునకు 200 పనిదినములకు 6,000 రూపాయల ఖర్చు. పాసు కొన్నచో 25 దినములలో దాని వెల తీరిపోవును. తక్కిన 175 దినముల ప్రయాణము మిగులే. అతడు ఏ వస్తువునకును ఆశపడి బస్సు ఎక్కుట లేదు. పాఠశాలకు రాక తప్పదు గనుక ఎక్కుచున్నాడు. కొనదగిన కార్డునకు గుర్తు ఇదియే. అదే పాసు రెండు వీధుల ఆవలనుండి నడిచి వచ్చు బాలునకు ఒక్క రూపాయి విలువ చేయదు. బాలికలకైననో, 2023 జూన్ 11 నుండి శక్తి పథకము క్రింద రాష్ట్రములోని సాధారణ బస్సులలో ప్రయాణము ఉచితమే గనుక పాసుతో పని లేదు. ఒకే తరగతిలో, ఒకే బల్లపై కూర్చున్న ముగ్గురికి మూడు సమాధానములు! కనుక "వాడు కొన్నాడు, నేనును కొనవలెను" అనుటలో అర్థము లేదు.

మన వంటి సరిహద్దు ఊళ్ళవారు మఱియొక సంగతి గమనింపవలెను. నేను తెలుగు పండిత శిక్షణ ఆంధ్రదేశమున పొందినవాడను; ఉద్యోగము ఇచ్చట చేయుచున్నాను. బళ్ళారికిని గుంతకల్లునకును మాట ఒక్కటే, రాయితీలు మాత్రము వేఱు. ఇచ్చటి శక్తి పథకము అంతరరాష్ట్ర బస్సులకు వర్తింపదు. ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15న ప్రారంభమైన స్త్రీశక్తి పథకము ఆ రాష్ట్ర మహిళలకే. కావున ఏ కార్డునకైనను వెల చూచుటకు ముందు దాని పొలిమేర చూడవలెను. అంగడి కార్డులోని పట్టిక చదివి, అందు మన ఊరి అంగళ్ళెన్నియో లెక్కింపుడు. బెంగుళూరు, హైదరాబాదు అంగళ్ళు వందయున్నను మనకేమి ప్రయోజనము? మనకు నిజముగా వలసిన తెలుగు నిఘంటువులు, కథల పుస్తకములు అమ్ము అంగడి ఆ పట్టికలో కలదా? లేనిచో ఆ కార్డు మన కొఱకు చేసినది కాదు.

రేపు బెంగుళూరులో వసతిగృహమున నుండి కళాశాలలో చదువువారికిని, విదేశములకు పోవువారికిని లెక్క మాఱవచ్చును. 1953 నుండి నడచుచున్న అంతర్జాతీయ విద్యార్థి గుర్తింపు కార్డు 12 ఏండ్లు నిండిన పూర్తికాల విద్యార్థులందఱికి లభించును. యునెస్కో దానిని ఆమోదించినది. పరదేశములందు మనము విద్యార్థులమని నిరూపించుకొనుటకు అది పనికివచ్చును. ప్రయాణము నిశ్చయమైన దినమున దానిని కొనుట వివేకము. ప్రయాణమే లేనివానికి అది జేబులోని అలంకారము.

ఇక నాకు అన్నిటికంటె ముఖ్యమని తోచు విషయము. ఇట్టి కార్డులను తరగతి గదులలోనికి తెచ్చి అమ్ముట నాకు సమ్మతము కాదు. మన విద్యార్థుల తల్లులలో జీన్సు కుట్టు పనిచేసి, గుడ్డకు ఇంత యని కూలి తెచ్చుకొనువారు కలరు. వారికి 300 రూపాయలు చిన్న మొత్తము కాదు. ఉపాధ్యాయుడు బల్లపై కార్డులు పెట్టి "ఎవరెవరు కొందురు?" అని అడిగినచో, చేయి ఎత్తలేని బాలుడు తల వంచుకొనును, ఇంటికి పోయి తల్లితో పోరాడును. ఉపాధ్యాయుని మాటపై విద్యార్థికి గల నమ్మకము అమ్మకమునకు పెట్టుబడి కారాదు. పైగా కార్డు కొఱకు పుట్టినతేది, చిరునామా, దూరవాణి సంఖ్య వ్రాసి యిత్తురు. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ శాసనము 18 ఏండ్లు నిండనివారిని బాలలుగా ఎంచి, వారి వివరములను వాడుటకు తల్లిదండ్రుల అనుమతి వలయునని చెప్పుచున్నది. అమ్మదలచినవారు తల్లిదండ్రులతోనే మాటాడుదురు గాక.

విద్యార్థులారా! ఒక తరగతిలో నలువదిమంది కలరనుకొనుడు. నలువదిమందియు తలకు 300 చొప్పున కార్డులు కొన్నచో 12,000 రూపాయలు. అందు నాలవవంతు, అనగా 3,000 రూపాయలు, ఇష్టమున్నవారు, ఇయ్యగలవారు కలిసి కూర్చినను శబ్దరత్నాకరము వంటి ఒక నిఘంటువును, కొన్ని మంచి కథాసంపుటములును మన గ్రంథాలయమునకు వచ్చును. ఇయ్యలేనివాడును వానిని చదువవచ్చును. మీ తరువాత వచ్చువారును చదువుదురు. ఏడాది గడచినంత మాత్రమున ఆ పుస్తకముల గడువు తీరదు. కార్డు కొనవలెనని తోచినపుడు ముందుగా కాగితము తీసికొని లెక్క వ్రాయుడు. ఆ కాగితమును తల్లిదండ్రులకు చూపుడు. అప్పటికిని కొనదగినదని తేలినచో నిస్సంకోచముగా కొనుడు.