కంచెకు కావలి ఎవరు?



గుర్రంకొండకు ఆ పేరు ఎలా వచ్చినదో మన పెద్దలు చెప్పే కథ మీలో చాలామంది వినే ఉంటారు. కొండమీది కోటకు ఒక గుర్రము కావలి ఉండేదట. అది అక్కడ ఉన్నంతకాలము కోటను ఏ శత్రువూ పట్టలేడని నమ్మకము. చివరకు ఒక మరాఠా నాయకుడు నిలువు బండ ఎక్కి ఆ గుర్రమును తోలుకొని పోయాడట. తరువాత అతడు పట్టుబడ్డాడు గాని కోట మహిమ మాత్రము పోయింది. నిలువు బండమీద గుర్రమును ఎలా దించాడయ్యగారూ అని సండేస్కూలు పిల్లలు అడిగితే మా వద్ద జవాబు లేదు. అంత పెద్ద కోట ఒక్క కావలిని నమ్ముకొని నిద్రపోయినదే, ఆ కావలికి కావలి ఎవరు అన్నదే మా ప్రశ్న.

ఈ నెల మేము వ్రాయుచున్నది కావలివారిని గూర్చిన ఒక బొమ్మల పుస్తకమును గురించి, దానిని సినిమాగా తీసినప్పుడు ఏమి నిలిచినది, ఏమి జారిపోయినది అన్నదాని గురించి. కాపరికి సినిమాలతో పనేమిటని మీరు అడుగుతారు. పని మా గుమ్మము ముందుకే వచ్చింది.

2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో టమోటా కిలో 100 రూపాయలు దాటిన సంగతి మీకు గుర్తే. ఎప్పుడూ రోడ్డు ప్రక్కన పారబోసే కాయకు ఆ నెల రాత్రింబగళ్ళు కావలి పెట్టవలసి వచ్చింది. మా సంఘపు యవ్వనస్థుడు ఒకడు బెంగళూరులో ఉద్యోగము చేయుచున్నాడు. సెలవుకు వచ్చి తండ్రికి తోడుగా తోట కావలికి పోయాడు. ఒక రాత్రి గట్టుమీద మనిషి అలికిడి అయ్యింది. నలుగురు కలిసి పట్టుకొని కొట్టారు. తీరా టార్చి వేసి చూస్తే మేకలు కాచుకొనే ముసలాయన, అడ్డదారిన కూతురి ఊరికి పోవుచున్నాడు. రాత్రి రెండు గంటలకు ఆయనను మా ఇంటికి మోసుకొని వచ్చారు. కుడి మణికట్టు విరిగింది.

మొదటి దెబ్బ ఎవరు వేశారని అడిగితే ఎవరూ పలుకలేదు. చివరకు ఈ కుర్రవాడే, "నేనే అయ్యగారూ, దొంగ అనుకున్నాను" అన్నాడు.

"దొంగే అయితే?" అన్నాము.

"దొంగయితే కొట్టొచ్చు కదా" అన్నాడు.

అతని చేతిలోని ఫోను వెనుక ఒక బొమ్మ ఉన్నది. తెల్లని ముసుగు, దానిమీద సిరా ఒలికినట్లు నల్లని మరకలు, తలమీద టోపీ. ఎవరు నాయనా ఇతడు అని కొన్నాళ్ళకు అడిగాము. పేరు రోర్షాక్ అని, చెడ్డవాళ్ళతో రాజీపడని వీరుడు అని చెప్పి, తన ల్యాప్‌టాప్‌లో సినిమా పెట్టి చూపించాడు. సినిమా పేరు 'వాచ్‌మెన్'. మా ఎరుకలో వాచ్‌మెన్ అంటే బెంగళూరు అపార్టుమెంటు ముందు కుర్చీ వేసుకొని ఈల ఊదే మనిషి. వీరు ఆ వాచ్‌మెన్లు కారు, ముసుగులు వేసుకొని తమంతట తామే లోకమునకు కావలి కాయబూనినవారు.

సినిమా చూసి మాకు తల తిరిగింది. దీని మూలము పుస్తకమని తెలిసి అది కూడ తెమ్మన్నాము. డిక్షనరీ ప్రక్కన పెట్టుకొని, అర్థము కానిచోట అతనికే ఫోను చేసి, ఇరవై రోజులు చదివాము. ఇంగ్లండు రచయిత ఆలన్ మూర్ కథ వ్రాయగా డేవ్ గిబ్బన్స్ బొమ్మలు వేశారు. అమెరికాలో డి.సి. కామిక్స్ సంస్థ 1986, 1987 సంవత్సరములలో 12 సంచికలుగా వెలువరించింది. 1988లో హ్యూగో బహుమతి వచ్చింది. 2005లో టైమ్ పత్రిక ఎంచిన నూరు ఇంగ్లీషు నవలలలో ఇదీ ఒకటి. కావలివారికి కావలి ఎవరు అన్న ప్రశ్న కథ పొడవునా గోడలమీద వ్రాసి ఉంటుంది. అది రోమా కవి జువెనాల్ నాటి మాట. ఆయన అన్నది భార్యలకు కావలి పెట్టే భర్తలను గూర్చి అనుకోండి, అది వేరే సంగతి. కంచే చేను మేస్తే అని మనవారూ అన్నారు.

ఇది సినిమాకు లొంగదని చాలాకాలము అనుకున్నారు. టెర్రీ గిలియమ్ అనే పేరుగల దర్శకుడు ప్రయత్నించి, రెండు రెండున్నర గంటలలో ఇమడదని వదలివేశాడు. చివరకు జాక్ స్నైడర్ తీశాడు. హక్కులు మావని ఫాక్స్ సంస్థ 2008లో వార్నర్ సంస్థమీద కోర్టుకు పోయింది. 2009 జనవరిలో రాజీపడి మార్చి 6న విడుదల చేశారు. నిడివి 2 గంటల 42 నిమిషములు. మూర్ తన పేరు వేయవద్దన్నాడు, డబ్బు కూడ తీసుకోలేదు. పేర్లు పడేచోట గిబ్బన్స్ ఒక్కని పేరే ఉంటుంది.

స్నైడర్‌ను నిర్లక్ష్యము చేశాడని ఎవరూ అనలేరు. పుస్తకములోని బొమ్మలనే ముందు పెట్టుకొని చాలాచోట్ల అచ్చము అలాగే దృశ్యములు అమర్చాడు. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూసి మేమే ఆశ్చర్యపోయాము. అయినను ఒకటి ఇంకొకటి కాదు. ఎందుకు కాదో మాకు వెంటనే తెలియలేదు.

పుస్తకములో ఒక సందులో దుండగులు ఇద్దరు వీరులమీద పడతారు. కొన్ని చిన్న గడులలో అది అయిపోతుంది. సినిమాలో అదే కొట్లాట నిదానముగా సాగుతుంది, ఎముక విరిగి చర్మము చీల్చుకొని బయటకు వస్తుంది. చూస్తున్న కుర్రవాడు ఈల వేయక ఏమి చేస్తాడు? పుస్తకములో రోర్షాక్ ఒక హంతకుని సంకెళ్ళతో పొయ్యికి కట్టి, రంపము దగ్గర పెట్టి, ఇంటికి నిప్పు పెట్టి బయట నిలుచుంటాడు. సినిమాలో కత్తితో తల నరుకుతాడు. ఇక్కడ మమ్మును పట్టినది చంపిన తీరు కాదు. పుస్తకములో ఆ సంగతిని రోర్షాక్ చెరసాలలో ఒక మానసిక వైద్యునితో చెప్పుతాడు. ఆ అధ్యాయమంతా నిజమునకు ఆ వైద్యునిదే. విని విని ఆయనకు నిద్ర పోతుంది, భార్యతో మాట పోతుంది. రాత్రిపూట తలుపు తట్టి తమ పాపము చెప్పుకొనేవారి మాటలు విన్న ఏ కాపరికైనా ఆ పుటలు తన ఇంటి సంగతే. సినిమాలో ఆ వైద్యుడు వచ్చి ఏవో మరకల బొమ్మలు చూపించి పోయే మనిషి.

అలాగే వీధి మూలలో పత్రికలమ్మే ఒక పెద్దాయన, ఆయన ప్రక్కన కూర్చొని కొనకుండానే బొమ్మల పుస్తకము చదివే ఒక పిల్లవాడు. పుస్తకము పొడవునా వారు కనబడతారు. వాదించుకుంటారు, విసుక్కుంటారు. చివరలో ఓజీమాండియాస్ అనే మేధావి, అణుయుద్ధమును ఆపుతానని, న్యూయార్కు నగరముమీద ఒక వింత జంతువును ప్రయోగించి లక్షలమందిని చంపినప్పుడు, ఆ ఇద్దరు ఒకరినొకరు పట్టుకొని చనిపోతారు. లక్షలమంది అంటే ఎవరో అప్పటికి మనకు తెలిసి ఉంటుంది. థియేటర్లకు వచ్చిన సినిమాలో వారు కొద్ది క్షణములు మాత్రమే ఉన్నారు. జంతువును కూడ తీసివేసి, అనేక నగరములలో పేలుళ్ళు జరిపి, నేరమును డాక్టర్ మాన్హాటన్ అనే వీరునిమీదికి నెట్టారు. దీనిమీద అభిమానులు ఎంతో వాదించుకున్నారట. మాకు ఆ మార్పు పెద్ద తప్పుగా తోచలేదు. పత్రికల పెద్దాయన పోవడమే నష్టము.

ఇంకొకటి. అంతా అయిన తరువాత పుస్తకములో ఆ మేధావి, తాను చేసినది సరియైనదే కదా అని మాన్హాటన్‌ను ఒంటరిగా అడుగుతాడు. ఆయన ఇచ్చిన జవాబు అతని గుండెలో ముల్లుగా మిగిలిపోతుంది. సినిమాలో ఆ ప్రశ్న లేదు, జవాబును తెచ్చి ఇంకొకరి నోట పెట్టారు. దోషి అడిగిన ఒకే ఒక్క మంచి ప్రశ్నను తీసివేశారు.

తెరమీద దెబ్బలు చూపించడమే తప్పని మేము అనము. 1978లో భీంసింగ్ దర్శకత్వములో, విజయచందర్ ఏసుగా వచ్చిన 'కరుణామయుడు' సినిమాను మేము చిన్నతనమున మైదానములో తెల్లబట్ట కట్టి వేయగా చూశాము. కొరడా దెబ్బలున్నాయి, రక్తమున్నది. ఊరంతా కూర్చుని చూశాము, ఎవరూ ఈల వేయలేదు. అది ప్రతివానికీ తెలిసిన పుస్తకము, మార్చితే ఊరుకునేవారు లేరు. అయినా మాకు గుర్తున్నంతవరకు ఆ సినిమా మమ్మును కొరడా పట్టినవాని ప్రక్కన కాక, దెబ్బలు తిన్నవాని ప్రక్కన కూర్చోబెట్టింది. ఎన్.టి. రామారావు గారు 1980లో 'సూపర్ మ్యాన్' వేసినప్పుడు దుస్తులు అమెరికావి, బలము ఆంజనేయుడు ఇచ్చినది. నవ్వుకున్నా సరే, ఆ వీరుని బలము అరువు తెచ్చుకున్నదని పిల్లలకు కూడ తెలుసు.

రోర్షాక్‌ను చెడ్డ మాదిరిగా చూపాలని వ్రాస్తే, నేనే రోర్షాక్‌ను అంటూ కుర్రవాళ్ళు తన వద్దకు వస్తున్నారని మూర్ ఎన్నోసార్లు వాపోయాడు. అంటే సినిమా రాకముందే పుస్తకము కూడ పూర్తిగా గెలవలేదన్న మాట. మా కుర్రవానితో ఇవన్నీ చెప్పి, ఈసారి పత్రికల పెద్దాయనను వెంబడించి చదువు నాయనా అని పుస్తకము తిరిగి ఇచ్చాము. మంచి పని చేశామనుకున్నాము.

మొన్న సెలవుకు వచ్చినప్పుడు చదివి వచ్చాడు. పుస్తకము చివరి భాగము మా ముందు తెరచి పెట్టాడు. లక్షలమంది చావు వెనుక ఉన్న నిజము తెలిసిన వీరులు మంచు దేశములో కూడి, లోకము చల్లగా ఉండాలంటే నోరు మూసుకోవాలని ఒప్పుకుంటారు. రోర్షాక్ ఒక్కడే ఒప్పుకోడు, అందుకే చనిపోతాడు.

"అయ్యగారూ, నేను కొట్టింది తప్పే. ఆ రాత్రి స్టేషన్‌కు పోవద్దని మీరు, పెద్దలు కలిసి చెప్పినారే, అది ఈ ఒప్పందము కాదా?" అన్నాడు.

ఆస్పత్రి ఖర్చు ఇప్పించాము, ఊరిలో గొడవ లేకుండ చేశాము, సంఘములో సాక్ష్యముగా కూడ చెప్పుకున్నాము. ముసలాయన ఇంటివారిని ఒక్క మాట అడిగినట్లు మాత్రము మాకు గుర్తు లేదు.

ఆదివారము ఆరాధన తరువాత మేము, ఆ కుర్రవాడు కలిసి ఆయన కూతురి ఊరికి పోయాము. ముసలాయన ఎడమచేత మేకల తాడు పట్టుకొని వచ్చాడు, కుడిచేతి వ్రేళ్ళు పూర్తిగా ముడుచుకోవడము లేదు. టమోటా ధర ఇప్పుడెంత ఉందని కుర్రవానిని అడిగాడు. కూతురు నీళ్ళు ఇచ్చింది. కూర్చోమనలేదు.

"ఆ పొద్దే స్టేషన్‌కు పోతామంటే మీరు పెద్దోళ్ళు వద్దన్నారు. పెద్దోళ్ళు కదా అని ఊరకుండిపోయినాము" అన్నది ఆమె.

ఆమె భర్త పనిమీద పోయి ఉన్నాడు. అతడు ఉన్నప్పుడు మాట్లాడాలట, గురువారము రమ్మన్నది. పోతున్నాము.