రక్తమిచ్చినవారి ఋణము

వెనెజ్యులాలోని మరకైబో సరస్సు నానుకొనియున్న బెస్తపల్లెలలో హంటింగ్టన్ వ్యాధి తరతరములుగా నున్నది. కాలుసేతులు వశముతప్పి యాడుచుండును. బుద్ధి క్రమముగా క్షీణించును. అచ్చటివారు దానిని ‘ఎల్ మాల్’, అనగా ‘కీడు’, అందురు.

ఈ వ్యాధిచేతనే తల్లిని గోల్పోయిన నాన్సీ వెక్స్లర్ పండితురాలు 1980 దశకము మొదలుకొని ఆ పల్లెవాసుల రక్తమును సేకరించి, 18,000 మందికి పైబడిన వంశవృక్షమును గూర్చెను. ఆ రక్తమే త్రోవ చూపగా, వ్యాధిమూలము నాల్గవ క్రోమోసోముపై నున్నదని 1983లో తేలెను. 1993లో జీనే దొరకెను. ఆ జీనులో సి.ఏ.జి. యను మూడక్షరముల ముక్క, వ్రాయసగాడు మఱచి మరల మరల వ్రాసినట్లు, వరుసగా వచ్చును. 35 మార్లవఱకు కీడులేదు. 40 గాని అంతకుమించి గాని వచ్చినచో, నిండు ఆయువు గడపువారికి వ్యాధి తప్పదు. తలిదండ్రులలో నొకరికున్నను ప్రతిబిడ్డకును సగముపాలు భయమే.

నేడు సంపన్నదేశీయులు కొంచెము రక్తమిచ్చి తమ సంఖ్య తెలిసికొనుచున్నారు. మరకైబోలో రోగులకై 1999లో వెలసిన ఆశ్రయగృహమో, ధనాభావముచే మూతపడినది!

పండితురాలి నిష్ఠను మేము శంకింపము. కాని మన పత్తిని గొనిపోయి మనకే బట్టలమ్మిన చరిత్ర నెఱిగిన మన మీ బేరమును పోల్చుకొనలేమా? పత్రము లేదు గనుక ఋణమును లేదను వాదము న్యాయస్థానమున నిలువవచ్చును, ధర్మమున నిలువదు. పరీక్షలలోనున్న ఔషధములలో నేదేని ఫలించినచో అది ఆ పల్లెలకు ఉచితముగా, అందఱికంటె ముందుగా, చేరవలయును. ఔషధము అంగడికెక్కిన పిమ్మట గాదు, ఇప్పుడే ఆ సంస్థలచే నీ మాట వ్రాయించుకొనవలయునని మేము కోరుచున్నాము.